రింగు ఫైలూ, మా అత్త మడిచిన అంచూ

రెండు కొనలు సరిగ్గా కలవని రింగు ఫైలును చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో, పిల్లల బడిలో, ఎక్కడ బల్ల మీద కనిపించినా ముందు దాని నోరు చూస్తాను. ఇనుప కొనల మధ్య కాగితం దూరేంత సందు ఉంటే చాలు. ఆ సందులోంచి ఎవరి కాగితమో జారిపోతుంది, జారినందుకు ఎవరో ఒకరు మాట పడతారు. మా ఇంట్లో ఆ మాట పడింది మా అత్త.

మాది నేత కుటుంబం. మా మామ సిరిసిల్ల నుంచి సూరత్‌కు సాంచెల, అంటే మరమగ్గాల, పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన పోయాక మా ఇంట్లో సాంచె నడిపే వాళ్లు లేరు. నా భర్త పాండేసరలో రంగుల మిల్లులో పని చేస్తాడు. ఇంట్లో నేనూ అత్తా సాంపిల్ ఫైళ్లు చేస్తాం. మార్కెట్‌లోని చీరల షాపు నుంచి టెంపోలో గుడ్డల కట్టలు, బొక్కలు కొట్టిన మందపాటి కాగితాలు, ఖాళీ రింగు ఫైళ్లు వస్తాయి. గుడ్డను అరచేయంత ముక్కలుగా కోసి, కాగితానికి ఒకటి చొప్పున అంటించి, కింద రంగు నంబరు వేసి, వరుసగా ఫైలులోకి ఎక్కించాలి. ఆ ఫైళ్లు సంచుల్లో కుక్కుకుని ఏజెంట్లు ఊళ్లు తిరుగుతారు. ఎక్కడో దుకాణంలో ఒకాయన ఆ ముక్కను వేళ్ల మధ్య నలిపి చూసి, ఈ రంగు ఇన్ని పంపండి అంటాడు. అదీ మా పని.

నేను కోడలిగా రాకముందు నుంచీ అత్త ఈ పని చేస్తోంది. చిన్నప్పుడు కండెలు చుట్టిన చేతులు కాబట్టి గుడ్డను పట్టుకుంటే అది ఆమె మాట వింటుంది. పొద్దున చాయ్ తాగగానే చాప పరుస్తుంది. గల్లీలో ఆడవాళ్లు తమ పని తెచ్చుకుని ఆమె చుట్టూ చేరతారు. ఎవరి గమ్ పలచబడింది, ఎవరి నంబరు తప్పింది, ఎవరి మొగుడు తాగొచ్చాడు, అన్నిటికీ ఆమె దగ్గర ఒక మాట ఉంటుంది. ఆ చాప మీద కూర్చున్నంతసేపు ఆమె ఇంటికి పెద్ద. చాప చుట్టేస్తే మూలన కూర్చునే ముసలిది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒక మధ్యాహ్నం షాపు మెహతాజీ, అంటే లెక్కలు చూసే గుమాస్తా, స్కూటర్ మీద స్వయంగా వచ్చాడు. ఆయన మాట్లాడేది హిందీ; నేను తెలుగులో రాస్తున్నాను. అత్తను మాసీ అనీ, నన్ను బేన్, అంటే చెల్లెమ్మా, అనీ పిలుస్తాడు. చెప్పులు విప్పకుండా గడపలో నిలబడి, ఒక ఫైలును తలకిందులు చేసి ఊపాడు. కాగితాలు కొన్ని జారి చాప మీద పడ్డాయి.

“మాసీ, ఇది ఫైలా, చెట్టా? ఊపితే ఆకులు రాలుతున్నాయి.”

అత్త ముక్కలన్నీ ఏరి ఒళ్లో పెట్టుకుంది. “మై బరాబర్ డాలీ, మెహతాజీ,” అంది. తను సరిగ్గానే వేశానని.

“బరాబర్ వేస్తే ఎందుకు రాలతాయి? ఏజెంటు దుకాణంలో తెరిస్తే అన్నీ కింద పడ్డాయి. ఏరి తోచినట్టు పెట్టాడు. ఆకుపచ్చ అడిగినాయనకు కాఫీ రంగు పోయింది. మాలంతా తిరిగొచ్చింది.”

డిజైను పేరు మొదటి కాగితం మీదే రాయాలన్నది షాపు నియమం. వెనక కాగితాలకు ఉత్త నంబర్లే. ఒక డిజైను నాలుగో నంబరు ఇంకో డిజైనులోకి వెళ్తే ఎవడు కనిపెడతాడు? ప్రతి కాగితం మీదా పేరు రాద్దామని నేను ఎప్పుడో అడిగాను. అంత రాత ఎవరు చదువుతారు అన్నాడు ఈ మెహతాజీయే. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఆయన నాకు అవకాశం ఇవ్వలేదు.

“కళ్లు తగ్గాయి మాసీ. చేతులు వణుకుతున్నాయి. ఇక చాలు, భజన చేసుకో.” తర్వాత నా వైపు తిరిగాడు. “బేన్, కావాలంటే నీకు మాలు ఇస్తాను. మాసీ మాత్రం చెయ్యి పెట్టకూడదు. లేదంటే పక్క గల్లీకి పోతుంది.”

స్కూటర్ చప్పుడు దూరమయ్యాక అత్త సూది తీసి, దారం ఒక్కసారికే ఎక్కించి నా ముందు పెట్టింది.

“కండ్లు పోయినయట,” అంది. చాప చుట్టి గోడకు నిలబెట్టింది.

నా భర్త మిల్లు నుంచి వచ్చేసరికి ఆ చాప అలాగే ఉంది. ఆ రోజు మిల్లులో నీలం రంగు నడిచినట్టుంది, ఆయన చెవుల వెనక ఇంకా పోలేదు. సంగతి విని, అన్నం కలుపుకుంటూ తేల్చేశాడు.

“ఫైల్ ఖరాబైతే ఫైల్ మారుస్తరు. మనిషి ఖరాబైతే మనిషిని మారుస్తరు. గంతే. అమ్మ ఇగ జర కూసోని తింటది, ఏమైతది?”

“కూసోని తింటె అరగదు బిడ్డా,” అంది అత్త వంటింట్లోంచి.

ఆయన నన్ను చూసి నవ్వాడు. “నీ లైబ్రరీల దీనికేమన్న మందున్నదా?”

“ఉన్నది,” అన్నాను. ఉందో లేదో నాకు తెలియదు. ఆయన అలా నవ్వాడు కాబట్టి ఉండి తీరాలనిపించింది.

నా లైబ్రరీ గురించి చెప్పాలి. నేను బడికి వెళ్లింది ఏడో తరగతి వరకే, కార్పొరేషన్ తెలుగు బడిలో. మిగిలిన చదువంతా లైబ్రరీ బల్ల మీద కూర్చుని చదువుకున్నదే. గుజరాతీ లిపి కూడా అక్కడే, దినపత్రికలోని బొమ్మల కింది మాటలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. చీమల గురించి చదివాను, కిడ్నీల గురించి చదివాను, వంతెనలు ఎందుకు కూలతాయో చదివాను. ఎవరూ నాకు పరీక్ష పెట్టలేదు, కాబట్టి ఎవరూ ఫెయిల్ చేయలేదు. దాని మీద నాకు గర్వం ఉంది. దాచను.

కాగితాలు పట్టే రింగు ఎలా పనిచేస్తుందో చెప్పే పుస్తకం కావాలని కౌంటర్‌లో అడిగితే అక్కడి మనిషి కళ్లద్దాల పైనుంచి చూశాడు. పిల్లాడి ప్రాజెక్టా అని అడిగాడు. నాకే అన్నాను. వంటల పుస్తకాలు ఎడమ వైపు అన్నాడు. నేను కుడి వైపు వెళ్లాను. పుస్తకాలు బైండింగ్ చేయడం నేర్పే పాత గుజరాతీ పుస్తకం ఒకటి, అట్ట ఊడి, అడుగు అరలో దొరికింది. బైండింగ్ గురించిన పుస్తకానికే బైండింగ్ లేదు. అందులో చివర కొన్ని పేజీలు విడి కాగితాల ఫైళ్ల మీద ఉన్నాయి, బొమ్మలతో.

ఇంటికి వచ్చి, ఒక ఖాళీ ఫైలు రివెట్లను స్క్రూడ్రైవర్‌తో లేపి, వెన్ను ఊడదీశాను. బొమ్మలో ఉన్నది చేతిలోకి వచ్చింది. పైన వంపు తిరిగిన రేకు మూత. దాని కింద పక్కపక్కన రెండు పొడుగాటి సన్నటి పలకలు. ఒక్కో రింగు రెండు సగాలు. ఒక సగం ఈ పలకకు, ఇంకో సగం ఆ పలకకు. అసలు కిటుకు ఏమిటంటే, ఆ రెండు పలకల వెడల్పు కలిపితే మూత లోపలి వెడల్పు కన్నా వెంట్రుకవాసి ఎక్కువ. అందుకే పలకలు బల్లపరుపుగా ఉండలేవు. మధ్యలో కలిసే చోట కిందికి దిగాలి, లేదా పైకి లేవాలి. కిందికి దిగితే రింగులు మూసుకుంటాయి, పైకి లేస్తే తెరుచుకుంటాయి. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి దాటేటప్పుడు మూత కొంచెం వెడల్పై, వెంటనే బిగుసుకుని టక్కుమంటుంది. ఆడపిల్లలు జుట్టుకు పెట్టుకునే టిక్‌టాక్ క్లిప్పు కూడా ఇంతే. వంచితే ఇటో అటో, మధ్యలో ఆగదు.

అంటే రింగును మూసి ఉంచేది రింగు కాదు, ఆ మూత బిగువు. రేకు మంచిదైతే ఎన్నిసార్లు వెడల్పైనా మళ్లీ బిగుస్తుంది. మాకు పంపే ఫైళ్ల రేకును నేను చేత్తో వంచాను. వంగి, అలాగే ఉండిపోయింది. అప్పడం ఇంతకన్నా నయం. తెరవడానికి చివర్లో ఉండాల్సిన మీటలు కూడా లేవు. రింగును పట్టి లాగాల్సిందే. ఒక రింగును లాగితే పలక మెలిపడి రెండోది సగంలోనే నిలుస్తుంది. మనిషి తలలో ఇంత తెలివి పుట్టి, పలకల వెడల్పు వెంట్రుకవాసి లెక్క చూసుకుని చేసిన వస్తువును, ఎవడో రేకు పలచన చేసి నాశనం చేశాడు. చేసి, చేతులు వణుకుతున్నాయని మా అత్తను అన్నారు.

ఆ కోపంతోనే మార్కెట్‌కు వెళ్లేదాన్ని. వెళ్లి ఉంటే నవ్వులపాలయ్యేదాన్ని. ఎందుకంటే వెళ్లేముందు పక్కింటామె చేసిన ఫైలు తెచ్చి ఊపి చూశాను. అదే రకం ఫైలు, అదే రేకు. ఒక్క కాగితం కూడా రాలలేదు.

రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టాను. పక్కింటామెది బల్లపరుపుగా ఉంది. అత్తది వెన్ను దగ్గర పలచగా, తెరిచే వైపు దిండులా ఉబ్బుగా ఉంది. కాగితం కాగితం తిప్పాను. పక్కింటామె ముక్కలు జిగ్‌జాగ్ కత్తెరతో కోసి ఉన్నాయి, పళ్లు పళ్లుగా. అత్త ముక్కలన్నిటికీ బయటి అంచు లోపలికి మడిచి ఉంది, గమ్‌తో అణిచి, గీత గీసినట్టు. ఇన్నేళ్లూ ఆమె పక్కనే కూర్చుని, ఆ మడత చూసి, ఎంత శుభ్రమో అనుకున్నాను. ఒక్క మడత ఏమంత మందం? కానీ ఫైలంతా అదే వైపు, ఒకదాని మీద ఒకటి. అలాంటి ఫైలును ఏజెంటు సంచిలో కుక్కితే ఉబ్బు వైపు నొక్కుడు పడి, కాగితాలు ముందుకు తోసుకొచ్చి, బొక్కల దగ్గర రింగులను లాగుతాయి. గట్టి రేకైతే ఓర్చుకునేది. ఇది నోరు తెరుస్తుంది.

పాతకాలం గుడ్డలు మందం, రేకు కూడా మందం. ఈ మధ్య రేకు పలచబడింది. మడత మాత్రం మారలేదు.

“అత్తమ్మా, ఇగ నుంచి అంచు మడవకు,” అన్నాను.

“ఏందీ?”

“ముక్క అంచు. గా మడత మందానికే రింగులు ఆగుతలెవ్వు. పక్కింటామె లెక్క కోసి అంటియ్యి.”

ఆమె నా వైపు తిరిగింది. “అంచు మడవని బట్ట యాడికి పోతదో తెల్వదా నీకు? గన్ని పుస్తకాలు సదువుతవు.”

తెలుసు. మా ఇంట్లో కాటికి పోయే బట్టను తానులోంచి చింపుతారు. దానికి అంచు మడవరు, కుట్టరు. బతికున్నవాళ్ల చేతికి ఇచ్చే బట్టకు, అది చెయ్యి తుడుచుకునే గుడ్డైనా సరే, అంచు మడవాల్సిందే. మా మామ సాంచె మీద నుంచి కోసిన తాను ముక్కను కూడా అత్త మడవకుండా ఎవరికీ ఇవ్వలేదట.

“అది బట్ట కాదత్తమ్మా. సాంపిల్.”

“సాంపిల్ బట్ట కాదా? చీరె అయ్యేదాని తునకనే గద. రేపు ఎవలో ఆడిది కట్టుకుంటది. దాన్ని సావుబట్ట లెక్క పంపుమంటవా? నువ్వు పంపుకో. నా చెయ్యి రాదు.”

“చెయ్యి రాకపోతె పని రాదు.”

“రాకపోతె భజన జేసుకుంట. జెప్పిండుగద మీ మెహతాజీ.”

మీ మెహతాజీ అట. ఆ ఒక్క మాటతో నన్ను షాపువాళ్ల వైపు నిలబెట్టేసింది. నాకు ఆమె మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆమె కోసమే కదా నేను ఆ అడుగు అర ముందు గొంతుక్కూర్చున్నది? రెండు రోజులు మేం ఒకరితో ఒకరం నా భర్త ద్వారానే మాట్లాడుకున్నాం. “మీ అమ్మను తినుమను,” అంటాను. “నీ పెండ్లానికి చెప్పు, ఆకలి లేదని,” అంటుంది. ఆయన ఇద్దరి మధ్యా కూర్చుని, “నేను మిల్లులనే మంచిగుంటున్న,” అన్నాడు.

మళ్లీ లైబ్రరీకి వెళ్లాను. అదే పుస్తకంలో ఫొటో ఆల్బమ్‌ల దగ్గర నా జవాబు ఉంది. ఫొటోలు అంటించే పుస్తకం ముందువైపు ఉబ్బకుండా, వెన్ను దగ్గర ప్రతి కాగితానికీ ఒక సన్నటి అట్ట పట్టీ అతికిస్తారట. ఈ వైపు మందం, ఆ వైపు మందం సమం. ఇంటికి వచ్చి మిఠాయి డబ్బా అట్టలు కోసి, మెహతాజీ వదిలేసి పోయిన ఫైలులో ఒక్కో కాగితానికి బొక్కల వైపు పట్టీ అతికించడం మొదలుపెట్టాను. అత్త కాసేపు దూరం నుంచి చూసింది.

“సాంచె మీద నూలు సుట్టే బీముకు ఒక దిక్కు లోతైతె మీ మామ కూడ గట్లనే కాయిదం సుట్టెటోడు,” అంది. వచ్చి కూర్చుంది. చాప తనే పరిచింది.

ఇద్దరం కలిసి ఫైలంతా పూర్తి చేశాం. మడతలు ఉన్నాయి, పట్టీలూ ఉన్నాయి. మూసి సంచిలో కుక్కి, నా భర్తను సంచి మీద కూర్చోబెట్టి, తలకిందులు చేసి ఊపాం. రాలలేదు. అత్త మళ్లీ ఊపింది. రాలలేదు. నాకు లైబ్రరీ మెట్ల మీద నిలబడి అందరికీ చెప్పాలనిపించింది.

మర్నాడు నేనొక్కదాన్నే మార్కెట్‌కు వెళ్లాను. షాపు యజమాని సేట్ చాయ్ తాగుతూ ఉన్నాడు, పక్కన మెహతాజీ. ఫైలు సేట్ చేతికిచ్చి ఊపమన్నాను. ఊపాడు. జుట్టులోంచి టిక్‌టాక్ క్లిప్పు తీసి, అటూ ఇటూ వంచి, పలకలు, మూత, బిగువు, పలచటి రేకు, అన్నీ నాకు వచ్చిన హిందీలో చెప్పాను. సేట్ చెడ్డవాడేం కాదు. చివరిదాకా విన్నాడు.

“బేన్ ఇంజనీర్ అయిపోయింది,” అన్నాడు మెహతాజీతో. తర్వాత ఫైలును చేతిలో తూచాడు. “కానీ ఈ పట్టీలు వద్దు. బరువు పెరుగుతుంది, సంచిలో తక్కువ పడతాయి. మాసీని మడవకుండా కోయమను. మడత లేకపోతే పట్టీ ఎందుకు?”

“మడత లేకపోయినా ఈ రేకు ఎక్కువ కాలం నిలవదు సేట్. మంచి రేకు ఫైలు తెప్పించండి.”

“ఎందుకు నిలవాలి? సీజన్ నిలిస్తే చాలు. సీజన్ అయ్యాక డిజైన్లు పాతబడతాయి, ఫైళ్లన్నీ రద్దీకి, చిత్తు కాగితాల కింద పోతాయి.”

“ముక్కలు?”

“ముక్కలతో సహా. వాటిని పీకుతూ ఎవరు కూర్చుంటారు?”

ఆయన దాన్ని ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా చెప్పాడు. మా చాప మీద ఏళ్ల తరబడి గీత గీసినట్టు మడిచిన అంచులన్నీ చిత్తు కాగితాల లారీలో పోయాయని నాకు అప్పుడే తెలిసింది. ఎవరో ఒకరు దాచుకుంటారని ఎందుకో అనుకున్నాను.

“మరి మాసీ చేతులు వణుకుతున్నాయని ఎందుకన్నారు?” అని అడిగాను. మెహతాజీ ఫోన్ చూసుకుంటున్నాడు.

“అదంతా పాత మాట. ఛోడో,” అన్నాడు సేట్. “మడవకపోతే మాసీకి మాలు వస్తుంది. ఇంకేం కావాలి?”

నాకు కావలసింది ఆ మాట వెనక్కి తీసుకోవడం. అది ఆ షాపులో దొరికే వస్తువు కాదు. ఇంటిదాకా ఆటోలో పళ్లు కొరుకుతూనే వచ్చాను. రేకు పలచన చేసినవాడి మీద, దాన్ని కొన్నవాడి మీద, అన్నీ తెలుసుకుని కూడా ఏమీ మార్చలేకపోయిన నా మీద.

అత్త గడపలోనే కూర్చుని ఉంది. “ఏమన్నడు?”

దాచకుండా చెప్పాను. పట్టీలు వద్దన్నాడని, మడవొద్దన్నాడని, ఫైలు ఒక్క సీజన్‌కే అని.

“సీజన్ అయినంక?”

“రద్దీల వేస్తరట.”

“తునకలు గూడనా?”

“తునకలు గూడ.”

ఆమె ఒళ్లో ఉన్న గుడ్డను వేళ్లతో సాఫు చేసింది. ఆ గుడ్డ మంచి నెమలికంఠం రంగు.

“గట్లనా,” అంది. “నేను కట్టుకునే బట్ట అనుకున్న. ఇది ముందుగాలనే సచ్చిన బట్ట. దీనికి అంచెందుకు? పక్కింటి నుంచి గా పండ్ల కత్తెర పట్కరా పో.”

వద్దు అత్తమ్మా, నేను కోస్తాను, నువ్వు అంటించు అన్నాను. వినలేదు. తెచ్చిన కత్తెర లాక్కుని, ఆ నెమలికంఠం గుడ్డను ముక్కలు చేసింది. పళ్లు పళ్లుగా, ఒక్కటీ వంకర పోలేదు. ఆ చేతులు వణకలేదు.

మాలు మళ్లీ వస్తోంది. చాప పొద్దున్నే పరుచుకుంటోంది, గల్లీ ఆడవాళ్లు చేరుతున్నారు. అందరూ అంతా సర్దుకుందంటారు. అత్త మాత్రం మాలు కట్టలో మిగిలిన ముక్కేదైనా ఇంట్లో వాడటానికి దొరికితే, దానికి ముందు అంచు మడుస్తుంది. షాపుకు పోయేవాటికి మడవదు. తేడా ఏమిటో ఎవరూ అడగలేదు.

కొన్నాళ్లకు మెహతాజీ మళ్లీ మా గల్లీ మీదుగా పోతూ ఆగాడు. ఒక ఫైలు తీసి ఊపి చూసి సంతోషించాడు. “చూశావా మాసీ, చేతులు మళ్లీ కుదిరాయి.”

నేను లేవబోయాను. అత్త నా మోకాలు మీద చెయ్యి వేసి అణిచింది. తల ఎత్తకుండా, కత్తెర ఆపకుండా, తన హిందీలో జవాబిచ్చింది.

“భజన్ కియా, మెహతాజీ. బహుత్ భజన్ కియా.”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు చీర కొంగులు నోట్లో కుక్కుకున్నారు. వాళ్లెందుకు నవ్వుతున్నారో తెలియక ఆయనా నవ్వి వెళ్లిపోయాడు. నేను మాత్రం నవ్వలేదు. చేతిలో ఉన్న ఫైలు రింగులను రెండు బొటనవేళ్లతో ఒకేసారి, పలక మెలిపడకుండా నొక్కాను. టక్కుమన్నాయి. వెలుతురుకు పట్టి చూశాను. కొనల మధ్య సందు అప్పుడే మొదలైంది.